పాఠకుల ప్రశ్న: సెమినార్‌లో "కమింగ్ టు" అనడం తప్పా?

ప్రశ్న: మేడమ్, నాది మడకశిర దగ్గర ఒక పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు బెంగళూరులో భూగర్భజలాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను, మూడో ఏడు. మొన్న డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో నలభై నిమిషాలు మాట్లాడాను. మా లాబ్‌మేట్ రికార్డింగ్ విని, "కమింగ్ టు అని పంతొమ్మిది సార్లు అన్నావు, అది ఇండియన్ ఇంగ్లీషు, మానెయ్" అన్నాడు. అది పోనీ. వేరే దేశం నుంచి వచ్చిన ప్రొఫెసర్ ఒకాయన నా ఆరో బొమ్మ చూపించి "వాక్ అస్ త్రూ దిస్" అన్నారు. త్రూ అన్నారు కదా, దీన్ని దాటేసి పొమ్మంటున్నారనుకుని రెండు ముక్కల్లో ముగించి తర్వాతి స్లైడ్‌కి వెళ్లిపోయాను. ఆయన ముఖం మారిపోయింది. కాసేపటికి "వేర్ ఆర్ యూ గోయింగ్ విత్ దిస్?" అని అడిగారు. నా పని తప్పుదారిలో ఉందంటున్నారనుకున్నాను. నోరు పెగల్లేదు. మా గైడ్ కల్పించుకుని జవాబు చెప్పారు. నాకు ఇంగ్లీషు రాదేమో, తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో మాట్లాడటమే నా లోపమేమో అని ఒకటే టెన్షన్. వచ్చే నెల 12న ఉన్న నా తర్వాతి సెమినార్‌ని రెండు రోజులు "మూవ్ ఫార్వర్డ్" చేశామని ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఆలోపు ఏం సరిదిద్దుకోవాలో చెప్పండి.
— పేరు వద్దు, మత్తికెరె, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఒక మాట దగ్గర ఆగిపోయాను. "నాకు ఇంగ్లీషు రాదేమో" అన్నారు. భాష తెలియడాన్ని మనం "రావడం" అంటాం. తెలుగు వచ్చు, హిందీ రాదు, ఈత వచ్చు, ముగ్గులు వేయడం వచ్చు. విద్య ఎక్కడినుంచో బయల్దేరి మన దగ్గరికి వచ్చి ఉంటుంది, లేదంటే ఇంకా దారిలో ఉంటుంది. బెంగళూరులో దిగిన మొదటి వారంలోనే మనవాళ్లు నేర్చుకునే "కన్నడ బరల్ల" అన్న మాటలోనూ ఉన్నది ఆ రావడమే. గుర్తుకు వస్తుంది, కోపం వస్తుంది, అనుమానం వస్తుంది. పాఠం బుర్రకెక్కుతుంది, మాట జారుతుంది, పని ఒక కొలిక్కి వస్తుంది, చర్చ పక్కదారి పడుతుంది. వీటిలో ఏదీ నిజంగా కాళ్లతో కదిలేది కాదు. అయినా కదలిక మాటలు లేకుండా వీటి గురించి మనం మాట్లాడలేం.

సెమినార్‌లో మిమ్మల్ని ఇబ్బంది పెట్టినవన్నీ ఇలాంటి కదలిక మాటలే. వాక్ త్రూ, గోయింగ్ విత్, కమింగ్ టు, చివరికి ఆ ఆఫీసు మెయిల్‌లోని మూవ్ ఫార్వర్డ్ కూడా. రూపకం, అంటే ఒకదాన్ని ఇంకోదానిలా చూసి చెప్పడం, కవుల సొత్తు కాదని, మామూలు మాటలోనూ ఆలోచనలోనూ అల్లుకుని ఉంటుందని 1980లో జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ తమ పుస్తకంలో వివరంగా చూపించారు. వాదనను ఒక ప్రయాణంలా చూడటం వాళ్లు చెప్పిన ఉదాహరణల్లో ఒకటి. బయల్దేరతాం, దారి తప్పుతాం, ఒక నిర్ణయానికి వస్తాం. ఈ ప్రయాణం మీకు పుట్టుకతో తెలుసు. తెలుగు దాన్ని మాటల్లో ఒకచోట పెడుతుంది, ఇంగ్లీషు మరోచోట పెడుతుంది. మీ ఇబ్బందికి మూలం అక్కడుంది.

ముందు లాబ్‌మేట్ లెక్క సంగతి చూద్దాం. "కమింగ్ టు రిజల్ట్స్" అని మీరు అన్నప్పుడల్లా దాని వెనక "ఇక ఫలితాల విషయానికొస్తే" అన్న తెలుగు ఉంది. కన్నడిగులు "విషయక్కె బందరె" అంటారు, తమిళులు "విషయత్తుక్కు వందా" అంటారు. మీ సెమినార్ గదిలో కూర్చున్న సగంమందికి అది సొంత ఇంటి మాటలా వినిపించి ఉంటుంది. ఇంగ్లీషే మాతృభాషగా పెరిగినవాళ్లు కూడా "కమింగ్ బ్యాక్ టు యువర్ క్వశ్చన్" అంటూనే ఉంటారు. కనుక అది తప్పు కాదు, మానెయ్యాల్సిన పనీ లేదు.

అయితే పంతొమ్మిది సార్లు అన్నదానిలో నాకు కనిపించే చిక్కు వేరే. మీరు కొత్త విషయానికి వెళ్లినప్పుడూ కమింగ్ టు, వదిలేసిన విషయానికి తిరిగొచ్చినప్పుడూ కమింగ్ టు, ఒకే విషయంలో ఇంకా లోతుకు దిగినప్పుడూ కమింగ్ టు అన్నారేమో, రికార్డింగ్ మళ్లీ విని చూడండి. తెలుగులో అయితే మీరు అలా మాట్లాడరు. "ఇక రెండో విషయం", "ఇందాక వదిలేసిన మాట దగ్గరికి వద్దాం", "దీన్ని కాస్త లోతుగా చూస్తే", "అది అలా ఉంచండి" అని నాలుగు రకాలుగా అంటారు. వినేవాడికి ఆ నాలుగూ నాలుగు మలుపుల్లా తెలుస్తాయి. ఒకే మాట అన్ని మలుపుల దగ్గరా వినిపిస్తే, ఊళ్లోని ప్రతి వీధికీ ఒకే పేరు పెట్టినట్టుంటుంది.

విద్యాసంస్థల్లో జనం నిజంగా ఎలా మాట్లాడతారో రికార్డు చేసి, అక్షరాల్లో పెట్టి చదివే పని కొన్నేళ్లుగా జరుగుతోంది. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు 1990ల చివర్లో మొదలుపెట్టి సుమారు 18 లక్షల మాటలు పోగుచేశారు. ఫిన్లాండ్‌లో అన్నా మౌరానెన్ ఆధ్వర్యంలో, ఇంగ్లీషు మాతృభాష కాని వాళ్లు ఇంగ్లీషులో మాట్లాడుకున్న ఉపన్యాసాలు, సెమినార్లు, డాక్టరేట్ డిఫెన్సులు 131 గంటలపాటు రికార్డు చేసి, 10 లక్షల మాటల సేకరణను 2008లో పూర్తిచేశారు. ఆ రెండో సేకరణ మీలాంటి వాళ్ల గొంతులది. అందులో "ఫ్రమ్ మై పాయింట్ ఆఫ్ వ్యూ" అనాల్సిన చోట "ఇన్ మై పాయింట్ ఆఫ్ వ్యూ" అనేవాళ్లు కనిపిస్తారు. ఫ్రమ్ అంటే ఒక చోటి నుంచి చూడటం, ఇన్ అంటే ఆ చోట్లోనే ఉండటం. లెక్కప్రకారం రెంటికీ తేడా ఉంది. కానీ వినేవాళ్లు ఆగలేదు, తికమకపడలేదు, చర్చ సాగిపోయింది. పైగా రెండో భాషగా ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు తమ మాట ఎదుటివాళ్లకు స్పష్టంగా అందేందుకు ఎక్కువ జాగ్రత్త పడతారని, చెప్పిందే ఇంకోలా మార్చి చెప్పడం, ఇప్పుడు ఏం చెప్పబోతున్నారో ముందే చెప్పడం లాంటివి చేస్తారని మౌరానెన్ పరిశోధన చూపించింది. మీ కమింగ్ టు కూడా ఆ జాగ్రత్తలోంచి పుట్టిందే. దాన్ని చూసి సిగ్గుపడకండి.

అసలు చిక్కు మాట్లాడటంలో కన్నా వినడంలో ఉంది. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

బెంగళూరు సిటీ బస్సు తలచుకోండి. కండక్టర్ "హత్తి", "ఇళీరి" అంటాడు. తెలుగులో ఎక్కండి, దిగండి. ఒక్కొక్క మాట, అంతే. పైకా కిందికా అన్నది ఆ క్రియలోనే ఉంది. ఇంగ్లీషులో గెట్ ఆన్, గెట్ ఆఫ్. గెట్ అన్న క్రియకు దిక్కు లేదు. దిక్కు అంతా వెనకొచ్చే ఆ చిన్న తోకలో ఉంది. లియోనార్డ్ టాల్మీ అనే భాషాశాస్త్రవేత్త ప్రపంచ భాషలను ఈ లెక్కన రెండు జట్లుగా చూశారు. దారిని క్రియలోనే ఇమిడ్చే భాషలు ఒక జట్టు. స్పానిష్, జపనీస్, మన పొరుగున ఉన్న తమిళం అందులోవి. క్రియ వెనక తోకలో దారిని పెట్టే భాషలు రెండో జట్టు. ఇంగ్లీషు అక్కడుంది. తెలుగు చాలావరకు మొదటి జట్టు స్వభావమే చూపిస్తుంది: ఎక్కు, దిగు, దాటు, చేరు, దూరు, జారు.

దీనివల్ల ఏమవుతుందంటే, మన చెవి క్రియ దగ్గర జాగ్రత్తగా ఉండి, తోక దగ్గర సడలిపోతుంది. పెద్ద మాట వినేశాం, ఇక చిన్న మాటతో పనేముందని అనుకుంటుంది. ఇంగ్లీషులో అసలు సంగతి ఆ చిన్న మాటలోనే ఉంటుంది. గో ఇంటు అంటే లోతుకు వెళ్లడం, గో త్రూ అంటే ఈ కొస నుంచి ఆ కొస దాకా చూడటం, గో బ్యాక్ అంటే వెనక్కి రావడం. గో ఓవర్ దగ్గర మనవాళ్లు తరచూ జారిపోతారు. ఓవర్ అంటే పైన కదా, పైపైన చూడటం అనుకుంటారు. అదేమీ కాదు. "లెట్స్ గో ఓవర్ యువర్ డేటా" అంటే మీ డేటాను ఒకసారి జాగ్రత్తగా సరిచూద్దామని. గెట్ అరౌండ్ కూడా అలాంటిదే. తెలుగులో "చుట్టూ తిరుగుతున్నావు" అంటే అసలు విషయానికి రావడం లేదని నింద. "హౌ డిడ్ యూ గెట్ అరౌండ్ ద మిస్సింగ్ డేటా?" అని ఎవరైనా అడిగితే మాత్రం అది నింద కాదు. డేటా లేని చోట ఏం ఉపాయం చేశారని అడుగుతున్నారు. మెచ్చుకోలు కూడా అందులో ఉండొచ్చు.

మాట్లాడేటప్పుడు మీ తోక ఒకటి తప్పినా ఎదుటివాళ్లు సర్దుకుంటారు. వినేటప్పుడు తోక చేజారితే మీకు సర్దిపెట్టేవాళ్లు ఎవరూ ఉండరు. కాబట్టి మీ శ్రమలో మూడొంతులు వినికిడి మీద పెట్టండి.

ఇప్పుడు "వాక్ అస్ త్రూ" చూడండి. దీనిలో రెండు ముక్కలున్నాయి. త్రూ అంటే ఆ బొమ్మలోంచి మమ్మల్ని తీసుకెళ్లండి, ఒక్క మూల కూడా వదలకండి అని. వాక్ అంటే నడక, అంటే నెమ్మదిగా, అడుగులో అడుగు వేసుకుంటూ. ఇంగ్లీషు నడక వేగాన్ని క్రియలోనే చెప్పేస్తుంది. వాక్ త్రూ నెమ్మది, రన్ త్రూ గబగబా, స్కిప్ ఓవర్ వదిలేసి దూకడం. ఇలా క్రియలోనే నడక తీరును పెట్టే అలవాటు గురించి డాన్ స్లోబిన్ అనే భాషా పరిశోధకుడు చాలా పని చేశారు. తెలుగులో ఆ పని మన జంట మాటలు చేస్తాయి: గబగబా, చకచకా, మెల్లమెల్లగా, అడుగడుగునా. మీ ప్రొఫెసర్ అడిగింది తెలుగులో అయితే "ఈ బొమ్మను అడుగడుగునా వివరించండమ్మా" అని ఉండేది. మీరు వెంటనే చెప్పేవారు, బాగా చెప్పేవారు కూడా. ఆ బొమ్మ మీ చేత్తో గీసిందే కదా.

ఆయన దాన్ని దాటవేత అనుకుని ఉంటారు. మన భాషలోనూ "మాట దాటేశాడు" అంటాం. మీరు నిజంగానే ఆ బొమ్మను దాటేశారు, ఆయనే దాటమన్నారని నమ్మి. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. ఒక మాట నాకు గట్టిగా చెప్పాలని ఉంది: తన భాష మాతృభాష కాని చోటికి వచ్చి మాట్లాడే పెద్దమనిషి "ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ దిస్ స్టెప్ బై స్టెప్" అని ఉంటే సరిపోయేది. ఒకరికి మాత్రమే తెలిసిన నుడికారాన్ని రెండో వాళ్ల మీద వాడటం వల్ల వచ్చే ఇబ్బందికి బార్బరా జైడ్ల్‌హోఫర్ అనే భాషాశాస్త్రవేత్త ఒక పేరే పెట్టారు, ఏకపక్ష నుడికారం అనొచ్చు దాన్ని. అంతర్జాతీయ సభల్లో జాగ్రత్త పడాల్సిన బాధ్యత రెండు వైపులా ఉంది. మన పిల్లలు ఆ భారమంతా తమ నెత్తినే వేసుకుని కుంగిపోవడం నేను ఏళ్ల తరబడి చూశాను. నాకు అది చాలా బాధ.

"వేర్ ఆర్ యూ గోయింగ్ విత్ దిస్?" కొంచెం సున్నితమైనది. దాన్ని చిరాకుగానూ అనొచ్చు, ఆసక్తిగానూ అనొచ్చు, గొంతును బట్టి ఉంటుంది. అయితే సెమినార్‌లో దాని సారాంశం ఎక్కువసార్లు ఒక్కటే: ఇదంతా దేనికోసం, చివరికి దీంతో ఏం తేలుస్తారు? తెలుగులో పెద్దవాళ్లు "ఇంతకీ ఏమంటావు?" అని అడుగుతారే, అలాంటిది. దారి తప్పావని దానర్థం కాదు, ఊరి పేరు చెప్పమని. జవాబు కూడా ఊరి పేరుతో మొదలుపెట్టండి: "వాట్ ఐ వాంట్ టు షో ఈజ్..." అని ఒక్క వాక్యంలో గమ్యం చెప్పి, ఆ తర్వాత వివరించండి.

మీరు మాటను విని, మనిషి మనసును తప్పుగా అంచనా వేశారు. ఇది మీ ఒక్కరికే జరిగింది కాదు. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో జానెట్ లిటిల్‌మోర్ 2001లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. కోర్సు కోసం అక్కడికి వచ్చిన బంగ్లాదేశ్ ప్రభుత్వ ఉద్యోగులు ఉపన్యాసాల్లోని రూపకాలను ఎలా అర్థం చేసుకుంటున్నారో ఆమె చూశారు. చాలాచోట్ల వాళ్లు జారింది సమాచారం దగ్గర కాదు, లెక్చరర్ ఆ విషయాన్ని మెచ్చుకుంటున్నారా, విమర్శిస్తున్నారా అన్న చోట. వాళ్లు చదువుకున్నవాళ్లు, ఆఫీసర్లు. మీకు జరిగిందీ సరిగ్గా అదే.

నాకూ జరిగింది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఇదే ఊళ్లో ఒక సదస్సులో నేను మాట్లాడుతుంటే ముందు వరుసలోంచి ఒకావిడ లేచి "సారీ, ఐ డోంట్ ఫాలో యూ" అన్నారు. ఆమె నాతో ఏకీభవించడం లేదనుకున్నాను. పది నిమిషాలు నా వాదనను సమర్థించుకుంటూ పోయాను, గొంతు కూడా పెంచాను. ఆమెకు కావలసింది ఒక్కటే, చెప్పిన ముక్క ఇంకోసారి చెప్పమని. ఫాలో అంటే వెంట రావడం. "మీ వెంట రాలేకపోతున్నాను, కాస్త ఆగండి" అన్నదే ఆమె మాట. ఆ సాయంత్రం నాకు అర్థమయ్యాక రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆమె ఊరెళ్లిపోయింది, క్షమాపణ చెప్పే వీలు కూడా లేకపోయింది.

ఆ రోజు నుంచీ గమనిస్తూ వచ్చిన సంగతి ఒకటి మీకు చెప్తాను. అర్థం కావడం గురించి మాట్లాడేటప్పుడు తెలుగులో ఎక్కువగా విషయమే కదులుతుంది, మనిషి కూర్చునే ఉంటాడు. బుర్రకెక్కింది, చెవికెక్కలేదు, బోధపడింది, తెలిసొచ్చింది. ఇంగ్లీషు సెమినార్‌లో మనుషులు కదులుతారు. చెప్పేవాడు ముందు నడుస్తాడు, వినేవాళ్లు వెంట వస్తారు. "ఆర్ యూ విత్ మీ?" అంటే నాతోపాటు నడుస్తున్నారా అని. "యూ లాస్ట్ మీ దేర్" అంటే అక్కడ మీ చేయి వదిలిపోయింది, వెనక్కి రండి అని. "ఐ యామ్ గెటింగ్ దేర్" అంటే ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది, చేరబోతున్నాను అని. తెలుగులో మనుషులు నడవరని కాదు, "విషయంలోకి వెళ్దాం" అని మనమూ అంటాం. కానీ సెమినార్ గదిలోకి అడుగుపెట్టే ముందు ఆ బొమ్మను ఒక్కసారి మనసులో పెట్టుకోండి: మీరు ముందు నడుస్తున్నారు, ఇరవైమంది వెంట వస్తున్నారు. అప్పుడు వాళ్ల ప్రశ్నల్లో సగం మీకు వెంటనే తెలిసిపోతాయి. అవన్నీ దారి అడిగే ప్రశ్నలే.

తెలుగులో ఆలోచించడం లోపమా అని అడిగారు. కాదమ్మా. మాట్లాడేందుకు ఆలోచించడం అని స్లోబిన్ ఒక మాట వాడారు. నోరు తెరిచే క్షణంలో ప్రతి మనిషీ తన భాష అడిగే వివరాలను వెతుక్కుంటాడు. చిన్నప్పటి నుంచి అలవాటైన ఆ వెతుకులాట రెండో భాషలోకీ మనతో వస్తుంది. స్పెయిన్ వాళ్లతో వస్తుంది, జపాన్ వాళ్లతో వస్తుంది, మడకశిర అమ్మాయితోనూ వస్తుంది.

ఇక చేయాల్సింది. మీ రికార్డింగ్ తీసుకుని ఆ పంతొమ్మిది చోట్లనూ విడివిడిగా రాసుకోండి. ప్రతిదాని పక్కన అక్కడ తెలుగులో మీరు నిజంగా ఏమని ఉండేవారో రాయండి. కొత్త విషయానికి వెళ్తున్న చోట కమింగ్ టు అలాగే ఉంచండి, అది మీది. తిరిగొస్తున్న చోట "గోయింగ్ బ్యాక్ టు", లోతుకు దిగే చోట "లెట్ మీ గో ఇంటు దిస్ ఎ లిటిల్ మోర్", పక్కన పెట్టే చోట "ఐ విల్ లీవ్ దట్ ఫర్ నౌ", ముగింపు దగ్గర "దిస్ బ్రింగ్స్ మీ టు" చాలు. ఈ నాలుగూ నోటికి అలవాటయ్యేదాకా గట్టిగా చదవండి. లోపల్లోపల కాదు, గది తలుపేసుకుని గట్టిగా. అంతకన్నా ఎక్కువ పోగుచేయకండి. ఇంటర్నెట్‌లో నుడికారాల జాబితాలు బట్టీపట్టి సభలో గుప్పించేవాళ్లను చూశాను. అవి మీ ప్రేక్షకుల్లో ఉన్న కొరియా వాళ్లకు, ఇరాన్ వాళ్లకు ఇంకో గోడ అవుతాయి. వియన్నాలోని ఇంకో సేకరణ మీద పనిచేసిన మారీ-లూయిస్ పిట్స్‌ల్ 2009లో ఒక ఉదాహరణ చూపించారు. రెండో భాషగా ఇంగ్లీషు మాట్లాడే ఒకరు, పడుకున్న కుక్కలను లేపొద్దన్న అర్థంలో తనకు తోచిన పదాలతో ఒక వాక్యం అన్నారు. పుస్తకంలో ఉన్న "లెట్ స్లీపింగ్ డాగ్స్ లై" (సద్దుమణిగిన గొడవను మళ్లీ కదపొద్దు) అన్న నుడికారానికి అది సరిపోలలేదు. అయినా బొమ్మ కళ్లకు కట్టింది, అర్థమైంది. బొమ్మ స్పష్టంగా ఉంటే పదాలు మీవైనా ఫర్వాలేదు.

ప్రశ్న అర్థం కాకపోతే అడగండి. "డు యూ మీన్ ఐ షుడ్ ఎక్స్‌ప్లెయిన్ ఈచ్ స్టెప్?" అని తిరిగి అడగడం చిన్నతనం కాదు. పైగా ఆ ఒక్క వాక్యం మీకు ఆలోచించుకునే పది సెకన్లు ఇస్తుంది.

మీ సబ్జెక్టుకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. భూగర్భజలాల్లో నీరు నిజంగానే కదులుతుంది, గ్రాఫ్‌లో గీత కూడా కదిలినట్టు కనిపిస్తుంది. నీటి లోతును నేల నుంచి ఎన్ని మీటర్ల కింద అని కొలుస్తారు. కరువు ఏడాదిలో ఆ అంకె పెరుగుతుంది, నీరు మాత్రం దిగిపోతుంది. అప్పుడు "ఇట్ ఈజ్ గోయింగ్ అప్" అంటే పైకి వెళ్తున్నది ఏది? లోతు అంకెనా, నీళ్లా? కొందరు అక్షాన్ని తలకిందులుగా గీస్తారు, అప్పుడు ఇంకా తికమక. ఇలాంటి చోట ఇట్ అన్న మాటను పక్కనపెట్టి ఏది పెరిగిందో, ఏది పడిపోయిందో పేరు పెట్టి చెప్పండి. మీ ఆరో బొమ్మ ఇలాంటిదే అయితే, ఆ ప్రొఫెసర్ వాక్ అస్ త్రూ అనడానికి కారణం కూడా ఇదే అయ్యుండొచ్చు. వీలైతే ఆయనకు ఒక చిన్న మెయిల్ రాయండి, ఆ రోజు మీ ప్రశ్నను సరిగా అందుకోలేకపోయాను, ఈ బొమ్మ వివరణ ఇదిగో అని ఒక పేరా. పరిశోధకులు అలాంటి మెయిల్‌ను సంతోషంగా చదువుతారు.

చివరిగా, మీరు ఉత్తరంలో మామూలుగా రాసేసిన ఆ ఆఫీసు మెయిల్ నాకు కంగారు పుట్టించింది. 12న ఉన్న సెమినార్‌ని రెండు రోజులు మూవ్ ఫార్వర్డ్ చేశారన్నారు. ఏ తారీఖుకి?

ఇంగ్లీషే మాతృభాష అయినవాళ్లు కూడా ఈ మాట దగ్గర చీలిపోతారు. బుధవారం మీటింగ్‌ను రెండు రోజులు మూవ్ ఫార్వర్డ్ చేశాం, ఇప్పుడు ఏ రోజు అని అడిగితే కొందరు సోమవారం అంటారు, కొందరు శుక్రవారం అంటారు. లేరా బొరోడిట్‌స్కీ, మైకేల్ రామ్‌స్కార్ 2002లో ప్రచురించిన పరిశోధనలో ఎయిర్‌పోర్టుకు వెళ్లి మరీ అడిగారు. అప్పుడే విమానం దిగిన ప్రయాణికుల్లో శుక్రవారం అన్నవాళ్లు ఎక్కువ, ఎవరి కోసమో ఎదురుచూస్తూ నిలబడ్డవాళ్లలో తక్కువ. తాను ప్రయాణించి వచ్చిన మనిషి కాలంలో కూడా తానే ముందుకు వెళ్తున్నట్టు అనుకుంటాడు. నిలబడ్డ మనిషికి కాలమే తన వైపు వస్తున్నట్టు ఉంటుంది.

బెంగళూరులో దీనికి ఇంకో మెలిక. తెలుగులో ముందు రోజు అంటే గడిచిన రోజు. ముందస్తు ఎన్నికలంటే గడువుకన్నా ముందే వచ్చేవి. పెళ్లి ముందుకు జరిపారంటే మనలో ఎక్కువమందికి త్వరగా పెట్టుకున్నారనే తోస్తుంది. అయితే ముందుముందు ఏం జరుగుతుందో అన్నప్పుడు మాత్రం అది రాబోయే కాలం. కన్నడలో ముందు అన్న మాట రాబోయే కాలం వైపే గట్టిగా తిరిగి ఉంటుంది. యశ్వంతపుర నుంచి మెట్రో ఎక్కితే వినిపించే "ముందిన నిల్దాణ" అంటే తర్వాతి స్టేషన్. ముందిన వార అంటే వచ్చే వారం. కన్నడ పత్రికల్లో పరీక్షలు "ముందూడిదరు" అని వస్తే వాయిదా వేశారని అర్థం, త్వరగా పెట్టారని కాదు. మీ ఆఫీసులో ఆ మెయిల్ రాసినవారు కన్నడ మాట మనసులో పెట్టుకుని ఫార్వర్డ్ అన్నారో, తెలుగు లెక్కన అన్నారో, ఇంగ్లీషు లెక్కన అన్నారో ఎవరికి తెలుసు? ప్రీపోన్, పోస్ట్‌పోన్ అన్న మాటలు వాడి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. ప్రీపోన్‌ని తప్పని వెక్కిరించేవాళ్లున్నారు కానీ, ఇలాంటి చోట అంత పనికొచ్చే మాట ఇంకోటి లేదు.

ఈ జవాబు చదివిన వెంటనే ఫోన్ తీసి, సెమినార్ 10వ తారీఖా, 14వ తారీఖా అని ఆఫీసును అడగండి. ఇంగ్లీషులో కావాలంటే "ఈజ్ ఇట్ ఆన్ ద టెన్త్ ఆర్ ద ఫోర్టీన్త్?" అనండి. జవాబు మెయిల్‌లోనే ఇమ్మనండి.